శ్రీకాకుళంలో వంశవృక్షం ఫ్రేమ్ చేయించాను: ఇద్దరు మామ్మలున్న ఇంటివాళ్ళు ముందు ఇది చదవండి

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర స్టార్లు. అందులో ఒక స్టారు అచ్చంగా డిజైన్ చేసిన కుర్రాడి ఓపికకి. పోయిన ఒకటిన్నర ఎందుకు పోయిందో కింద రాశాను, కొంచెం పెద్దదే అయింది, టైం ఉంటేనే చదవండి.

షాపు డే అండ్ నైట్ జంక్షన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, మేడ మీద ఉంది. పేరు రాయను. వాళ్ళు చేసిన పొరపాటు ఊళ్ళో ఏ డీటీపీ షాపువాడైనా చేసేదే, ఆ మాటకొస్తే ఏ సర్కారీ ఫారమైనా చేసేదే, అందుకని ఒక్కడి మీద రాయి వెయ్యడం న్యాయం కాదు. పెళ్ళి ఫ్లెక్సులు, ఐడీ కార్డులు, పాత ఫోటోలు బాగుచెయ్యడం వాళ్ళ అసలు పని, ఈమధ్యే వంశవృక్షం ఫ్రేములు మొదలెట్టారు. పద్దెనిమిది బై ఇరవైనాలుగు అంగుళాల సైజు, కాన్వాస్ ప్రింటు, చుట్టూ టేకు రంగు ఫ్రేము, మొత్తం 1,850 రూపాయలు, సగం అడ్వాన్సు. నాలుగు రోజుల్లో ఇస్తామన్నారు, తొమ్మిది రోజులు పట్టింది. ఆలస్యంలో సగం తప్పు మా ఇంటివాళ్ళదే, అది కూడా చెప్తాను.

మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి అందరం కలుస్తాం కదా, మనవలకీ మునిమనవలకీ ఎవరు ఎవరో తెలియడం లేదు, హాల్లో పెట్టేలా ఒకటి చేయిద్దాం అనుకున్నాం. వాట్సాప్‌లో ఒక ఫారం పంపారు: తాతగారి పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు. భార్య పేరుకి ఒక్కటే గడి. మా తాతకి ఇద్దరు. ఇద్దరి పేర్లూ కామా పెట్టి అదే గడిలో రాసి పంపాను, మనుషులే చదువుతారు కదా అనుకున్నాను.

మొదటి ప్రూఫ్ వచ్చింది. కామా ఎగిరిపోయి ఇద్దరు మామ్మలూ కలిసి పొడుగాటి పేరున్న ఒకే మామ్మ అయిపోయారు. తాతకీ ఆవిడకీ మధ్య ఎర్రగా ఒక లవ్ సింబల్. 1935లో జరిగిన పెళ్ళి అది, పెద్దమామ్మకి పద్నాలుగేళ్ళు, పెళ్ళి పీటల మీదే తాత మొహం మొదటిసారి చూసిందట.

ఫోన్ చేసి ఇద్దరండీ అని చెప్పాను. రెండో ప్రూఫ్‌లో చిన్నమామ్మకి వేరే గుండ్రం వచ్చింది, సంతోషం, కానీ కింద "చెల్లెలు" అని ఉంది. తాతకి చెల్లెలు! ఆ కుర్రాడు మరీ తెలివితక్కువవాడేం కాదు. చిన్నమామ్మ పెద్దమామ్మకి సొంత చెల్లెలు అని నేనే ఫోన్లో వాగాను, వాడికి అందిన ముక్క అది. "బాబాయ్, భార్యకి చెల్లెలైతే తాతగారికి మరదలు కదా, ఈ చెట్టులో ఆవిడ ఎందుకు?" అన్నాడు. ఆవిడ కడుపున పుట్టినవాళ్ళు నలుగురున్నార్రా అన్నాను. కాసేపు మాట లేదు. "అయితే లవ్ సింబళ్ళు రెండు పెట్టమంటారేటి?" అన్నాడు. అసలు లవ్ సింబలే తీసెయ్యమన్నాను.

మూడో ప్రూఫ్ దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. మా ఇంట్లో వాళ్ళ ముగ్గురిదీ ఒకే ఒక్క ఫోటో ఉంది. తాత కుర్చీలో కూర్చుని, వెనక ఇద్దరూ నిలబడి, చిన్నమామ్మ చెయ్యి పెద్దమామ్మ భుజం మీద. షాపువాళ్ళ దగ్గర రెడీగా ఉన్న టెంప్లేటులో జంట ఫోటోకే చోటుంది. కుర్రాడు చిన్నమామ్మని కత్తిరించి తాతనీ పెద్దమామ్మనీ అందులో పెట్టాడు, చిన్నమామ్మ గుండ్రంలో ఓటరు కార్డు ఫోటో వేశాడు. సరే, అంతవరకూ సర్దుకోవచ్చు. కానీ ఫోన్లో పెద్దది చేసి చూస్తే పెద్దమామ్మ భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలిపోయి ఉన్నాయి. మనిషి లేదు, వేళ్ళున్నాయి. వేళ్ళ చివర గాజు అంచు కూడా కొంచెం కనిపిస్తోంది. మా ఆవిడకి చూపిస్తే "అమ్మో, దయ్యంలా ఉంది, తీయించండి" అంది. నేను వెంటనే ఫోన్ చెయ్యలేదు, చాలాసేపు ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఎన్ని పిడకలు కొట్టిన వేళ్ళవి.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్ళాలి. పెద్దమామ్మకి తొమ్మిదేళ్ళు పిల్లల్లేరు. 1944లో ఆవిడే పట్టుబట్టి చెల్లెల్ని తెచ్చి తాతకి చేసింది, ఇది ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకునే కథ, చుట్టాలొస్తే ఇప్పటికీ చెప్తారు. చిన్నమామ్మ మాత్రం ఒక్కసారి, నేను ఇంటర్ చదివేటప్పుడు, పెరట్లో చింతకాయలు ఒలుస్తూ "మా అప్ప అందర్నీ అడిగింది బాబూ, నన్నొక్కదాన్నే అడగలేదు" అంది. అప్పటికి పెద్దమామ్మ పోయి మూడేళ్ళు. అంతే, మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పెళ్ళినాటికి ఆవిడకీ పద్నాలుగే. తమాషా ఏమిటంటే చిన్నమామ్మకి మా పెద్దత్త పుట్టిన ఏడాదికి పెద్దమామ్మకీ నెల తప్పింది, మొత్తం ఆవిడకి ఇద్దరు, ఈవిడకి నలుగురు. ఇనప్పెట్టె తాళాలు పెద్దమామ్మ బొడ్లో, పశువులూ పిల్లలూ చిన్నమామ్మ మీద. సవతుల పోరు లేదంటే నేను నమ్మను. ఒక జత గాజుల దగ్గర ఏడాది మాట్లాడుకోలేదని మా నాన్నే చెప్పాడు. అయినా పిలుపులో ఎక్కడా బయటపడేది కాదు. అక్కచెల్లెళ్ళు కాబట్టి ఆవిడ పిల్లలకి ఈవిడ పిన్ని, ఈవిడ పిల్లలకి ఆవిడ పెద్దమ్మ, ఏ ఇంట్లోనైనా ఉండే పిలుపులే. బయటివాళ్ళకి చెప్తే తప్ప తెలిసేది కాదు.

ఇదంతా చట్టవిరుద్ధం కాదా అని మా అబ్బాయి అడిగాడు, మీ పిల్లలూ అడుగుతారు, అందుకని రాస్తున్నాను. అప్పుడు కాదు. అప్పట్లో మనం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉన్నాం, శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950లో. రెండో పెళ్ళి చెల్లదని మద్రాసు ప్రభుత్వం హిందువులకి చట్టం చేసింది 1949లో, దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. కాబట్టి చిన్నమామ్మది పక్కా పెళ్ళి, మంగళసూత్రం లెక్కలోనే కాదు, కోర్టు లెక్కలో కూడా. అదే ఆరేళ్ళు ఆలస్యమై ఉంటే ఆవిడని "చిన్నిల్లు" అనేవారు. ఇప్పుడైతే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. పాత ఐపీసీలో 494 అనేవాళ్ళం, అదే ఇది. గిరిజనులకి మాత్రం 1955 చట్టం వర్తించదు, సీతంపేట వైపు సవరల ఇంటికి వెళ్ళి మన లెక్క చెప్తే కుదరదు. ముస్లింలకి వాళ్ళ పర్సనల్ లా ప్రకారం నలుగురి దాకా. అలాగని హిందువుల్లో ఇప్పుడు లేదనుకుంటే పొరపాటు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మా ఆయనకి ఇంకో భార్య ఉందని చెప్పిన ఆడవాళ్ళు 2019-21లో దేశం మొత్తం మీద 1.4 శాతం, హిందువుల్లో 1.3, ముస్లింలలో 1.9. టీవీల్లో అరుచుకునేంత తేడా అయితే లేదు మరి.

సరే, మళ్ళీ షాపుకి. ఈసారి నేనే వెళ్ళాను. మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందనుంచే ఫోన్ చెయ్యండి, వాళ్ళే దిగివస్తారు. కుర్రాడు పక్కన కుర్చీ వేసి స్క్రీన్ మీద చూపిస్తూ చేశాడు, అది నాకు బాగా నచ్చింది. ఫోటో కత్తిరించకుండా ముగ్గురూ ఉన్నట్టే చెట్టు మొదట్లో పెట్టాడు. మరకలు పోయాయి, పెద్దమామ్మ ముక్కుపుడక తేలింది, చిన్నమామ్మ కళ్ళు మాత్రం కొంచెం ఎక్కువ పెద్దవి చేశాడు, చెప్తే తగ్గించాడు. పాత ఫోటో పని వరకు వీళ్ళకి ఐదుకి ఐదు ఇస్తాను.

అసలు పేచీ అప్పుడు వచ్చింది. కొమ్మలు ఎలా వెయ్యాలి? తల్లి ప్రకారం రెండు కొమ్మలుగా చీల్చి ఇటు ఇద్దరు, అటు నలుగురినా? లేకపోతే పుట్టిన వరసలో ఆరుగురినీ ఒకే వరసనా? కుర్రాడు ఏదైనా రెండు నిమిషాల పని అన్నాడు. మా ఇంట్లో అది ఐదు రోజుల పని అయింది, చెప్పానుగా, ఆలస్యంలో సగం మాదే. నాకు తల్లి ప్రకారమే వెయ్యాలని ఉంది. చిన్నమామ్మ పురుళ్ళు పోసుకున్నది నలుగురిని, ఆ గీత ఆవిడ దగ్గర నుంచే రావాలి కదా, లేకపోతే ఓటరు కార్డు ఫోటోలానే ఆవిడని మళ్ళీ పక్కకి నెట్టినట్టు. మా పెద్దత్తకి ఎనభై దగ్గర పడుతున్నాయి, ఫోన్లో ఒకటే కేకలు: "ఏట్రా, ఇన్నాళ్ళూ ఒక కంచంలో తిన్నోళ్ళం, ఇప్పుడు నువ్వు గోడ కడతావేటి?"

దీని మీద నాకు ఇంత ఆలోచన ఎందుకంటే, నేను ఏడేళ్ళు నైజీరియాలో, ఓగన్ రాష్ట్రంలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశాను. మనవైపు నుంచి గల్ఫ్‌కీ ఓడల మీదకీ ఎలా వెళ్తారో అలాగే. అక్కడ యోరుబా వాళ్ళు ఎక్కువ. నా షిఫ్టులో ఫిట్టరు ఒకడుండేవాడు, వాళ్ళ తాతకి నలుగురు భార్యలు. మా ఇద్దరు మామ్మల కథ నేను కొంచెం మొహమాటంగా చెప్తే వాడు "ఇద్దరేనా?" అన్నాడు. వాళ్ళ ఇంట్లో పెద్ద భార్యని ఇయాలే అంటారు, కొత్తగా వచ్చినామె ఇయావో. సవతికి వాళ్ళ మాట ఒరొగున్, పలకడంలోనే పోరు తెలుస్తుంది. ఒకే తల్లి పిల్లలు ఒమొ ఇయా, తండ్రి ఒకడై తల్లులు వేరైతే ఒమొ బాబా. మనం పెద్దమ్మ, పిన్ని అని కప్పెట్టిన తేడాని వాళ్ళు మాటలోనే పెట్టుకున్నారు. కొట్లాట వస్తే ఒమొ ఇయాలంతా ఒక జట్టు అని నవ్వేవాడు.

ఆస్తి దగ్గర అసలు విషయం ఉంది. యోరుబా ఆచారంలో తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆస్తిని ముందు భార్యల లెక్కన సమానంగా చీలుస్తారు, ఏ తల్లి భాగం ఆ తల్లి పిల్లలు పంచుకుంటారు. దాన్ని ఇడి-ఇగి అంటారు. మాటకి మాట అర్థం చెట్టు మొదలు. అవును, చెట్టే! పిల్లల తలల లెక్కన పంచేది ఇంకోటుంది, ఒరి-ఒజొరి. నలుగురు భార్యలు, తొమ్మిది మంది పిల్లలున్న ఒకాయన ఆస్తి కేసులో ఇడి-ఇగి అన్యాయం అని కింది కోర్టు కొట్టేస్తే, అది లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా (అప్పట్లో వాళ్ళకి ఆఖరి అప్పీలు కోర్టు అదే) వెళ్ళి, 1962లో ఆ ఆచారమే నెగ్గింది. అక్కడ అలవాటుగా పంచేది ఇడి-ఇగి, అది కుదరక పేచీ వస్తే కుటుంబ పెద్ద ఒరి-ఒజొరి చెయ్యొచ్చు.

మా తాత పోయింది 1971లో, ఏడెకరాల స్వార్జితం. మన హిందూ వారసత్వ చట్టం, 1956ది, ఏమంటుందంటే భార్యలు ఎంతమంది ఉన్నా అందరికీ కలిపి ఒక్క వాటా, పిల్లలకి తలకొకటి. అంటే ఆరుగురు పిల్లలు, ఇద్దరు మామ్మలకీ కలిపి ఒకటి, మొత్తం ఏడు వాటాలు, తలా ఎకరం, మామ్మలకి చెరో యాభై సెంట్లు. అదే యోరుబా ఇల్లైతే ముందు మూడున్నర, మూడున్నర. పెద్దమామ్మ పిల్లలిద్దరికీ చెరో ఎకరా డెబ్బై ఐదు సెంట్లు, చిన్నమామ్మ పిల్లలు నలుగురికీ తలా ఎనభై ఏడున్నర సెంట్లు, మామ్మలకి సొంతంగా సెంటు కూడా రాదు, ఆచారంలో భార్య వారసురాలు కాదు. తల్లి పేరు మీద కొమ్మ చీలుస్తారే గానీ తల్లి చేతిలో ఏమీ పెట్టరు. ఈ లెక్క కాగితం మీద వేసి చూశాక నా వాదన నాకే కొంచెం లూజయింది. (మా ఊళ్ళో నిజంగా జరిగింది ఏమిటంటే, అత్తలు సంతకాలు పెట్టేసి పట్టుచీరలు తీసుకుని వెళ్ళిపోయారు. చట్టం ఏమంటే ఏంలే.)

నైజీరియాలో నూటికి 28 మంది ఇలా ఒకరికి మించి భార్యలున్న ఇళ్ళల్లోనే ఉంటారు, బుర్కినా ఫాసోలో 36 మంది, ప్రపంచం మొత్తం మీద చూస్తే రెండు శాతమే, ఇవి అమెరికాలో ప్యూ అనే పరిశోధన సంస్థ వాళ్ళ లెక్కలు. అక్కడ కూడా అందరూ ఒకటి కాదు. రిజిస్ట్రారు దగ్గర సంతకం పెట్టి చేసుకుంటే ఒక్కటే భార్య, మళ్ళీ చేసుకుంటే వాళ్ళకీ ఏడేళ్ళ జైలే. ఆచారం ప్రకారమో ఇస్లాం ప్రకారమో చేసుకుంటే వేరు. మా ఫిట్టరు చర్చిలో ఒక్కదాన్నే చేసుకున్నాడు, "నాకు జీతం ఒక్కటే కదా" అనేవాడు. దక్షిణాఫ్రికాలో అయితే ఆచారం ప్రకారం ఇంకో భార్యని తెచ్చుకోవాలన్నా ముందు ఆస్తి ఎలా పంచుతావో ఒప్పందం రాసి కోర్టుకి చూపించాలి, 1998 చట్టం. నాకు అన్నిటికంటే అదే నచ్చింది. మా తాతని కోర్టుకి పంపి ఉంటే బాగుండేది. ట్యునీషియా ముస్లిం దేశమై ఉండి 1956లోనే మొత్తానికి మానిపించేసింది.

తిరగబడిన చెట్లు కూడా ఉన్నాయి. హిమాచల్‌లో సిర్మౌర్ వైపు హట్టీ అనే గిరిజన తెగ వాళ్ళలో 2025 జూలైలో అన్నదమ్ములిద్దరు ఒకే అమ్మాయిని అందరి ముందూ పెళ్ళి చేసుకున్నారు, పేపర్లో వచ్చింది. జోడీదారా అంటారు. కొండ మీద ఉన్న కాస్త భూమి ముక్కలు కాకూడదని పెట్టుకున్న ఆచారం. "ద్రౌపది ఇంటికి ఎలా వేస్తావురా?" అని మన కుర్రాణ్ణి అడిగితే "ఏ3 సైజు సరిపోదు బాబాయ్" అన్నాడు సీరియస్‌గా. వాడి వెనక గోడకి అరసవల్లి క్యాలెండరు వేలాడుతోంది, ఉషా పద్మినీ ఛాయా సమేత సూర్యనారాయణ స్వామి. ఒకే ఫ్రేములో నలుగురూ. టెంప్లేటు నీ నెత్తి మీదే ఉంది కదరా అంటే వెనక్కి తిరిగి చూసి తెగ నవ్వాడు.

నేనున్నప్పుడే ఇంకో ఆవిడ వచ్చింది, భర్త సంవత్సరీకానికి ఫ్రేము కావాలని. పేర్లు రాసిచ్చి, ఇద్దరి పేర్లు మాత్రం "కింద చిన్న అక్షరాల్లో" అంది. వాళ్ళెవరని కుర్రాడు అడగలేదు, నా కేసు తర్వాత తెలివొచ్చినట్టుంది. చెల్లని పెళ్ళి పిల్లలైనా తండ్రి వాటాలో హక్కుందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో చెప్పింది. అక్షరాల సైజు గురించి కోర్టు ఏం చెప్తుంది. కానీ ఆవిడ ఆ రెండు పేర్లనీ తనే రాసి తెచ్చింది, కొట్టేసి మళ్ళీ రాసినట్టుంది ఆ కాగితం.

చివరికి మా పెద్దత్తే నెగ్గింది. పుట్టిన వరసలో ఆరుగురు, ఒకే కొమ్మ. నా కోసం కుర్రాడు చిన్నమామ్మ పిల్లల పేర్ల పక్కన ఆకుపచ్చ ఆకు, పెద్దమామ్మ పిల్లల పక్కన పసుపు ఆకు పెట్టాడు, అడిగితే డిజైన్ అని చెప్పమన్నాడు. అత్త సంక్రాంతికి కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసి "ఆకులు రెండు రంగులెందుకురా?" అంది. డిజైన్ అన్నాను. "నాది లేతగా ఉంది, బాగుంది" అంది. తెలిసే అందో తెలియక అందో.

ఇక లోపాలు. ప్రింటు రంగులు స్క్రీన్ మీద చూసినదానికంటే ముదురుగా వస్తాయి. వెనక కొక్కెం నాసిరకం, నేను వేరే వేయించుకున్నాను. మా బావగారి పేరులో ఒత్తు ఒకటి తప్పు పడింది, మళ్ళీ ప్రింటుకి 300 అన్నారు, బతిమాలితే 150కి దిగారు, వాళ్ళ తప్పుకి నేనెందుకివ్వాలో అర్థం కాలేదు, ఒకటిన్నర స్టారు పోయింది ఇక్కడే. ఫారంలో పేర్లు టైపు చెయ్యకండి, కాగితం మీద గీసి ఫోటో పంపండి, ఎవరి గీత ఎవరి దగ్గర నుంచి రావాలో బాణాలు వేసి మరీ. పాత ఫోటో ఉంటే "కత్తిరించొద్దు" అని విడిగా మెసేజ్ పెట్టండి. ఇప్పుడు అడిగితే రెండు గుండ్రాల టెంప్లేటు రెడీగా ఉంది, కంప్యూటర్లో దాని ఫైలు పేరు "ఇద్దరు మామ్మలు".

ఆ ఫోటో నైజీరియా ఫిట్టరుకి వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులకి వాళ్ళ తాత, నలుగురు భార్యలు, ఇరవైమూడు మంది పిల్లల పేర్లు నాలుగు మెసేజుల్లో పెట్టి, నాకూ ఒకటి చేయించి పంపమన్నాడు. షాపులో రేటు అడిగితే ఇరవైనాలుగు బై ముప్ఫైఆరు సైజుకి 3,200 చెప్పాడు కుర్రాడు. కొరియరు వేరే. పేర్లు తెలుగులో వెయ్యాలా ఇంగ్లీషులోనా అని అడుగుతున్నాడు.